చూపు లేకపోతే ఉద్యోగం దగ్గర అసలు అడ్డం పడేది ఏది?

పానగల్లు_బీకాం
పోయిన వారం నల్లగొండలో ఒక ఫైనాన్స్ ఆఫీసుకు ఇంటర్వ్యూకి పోయాను. పేరు రాయను. ఎనిమిదో తరగతిలో గ్లకోమాతో నాకు చూపు పూర్తిగా పోయింది. బీకాం కంప్యూటర్స్ ఫస్ట్ క్లాసులో పాసయ్యాను. స్క్రీన్ మీదున్నది చదివి వినిపించే ఎన్‌వీడీఏ (స్క్రీన్ రీడర్) పెట్టుకుని ఎక్సెల్ నడుపుతాను. వాళ్లే ఒక షీటు తెరిచి, వాయిదాలు తప్పినవాళ్లను వేరు చేసి వడ్డీ లెక్క కట్టమన్నారు. కట్టి చూపించాను. మేనేజర్ పక్కనే నిలబడి "మౌస్ ముట్టుకోనే లేదే" అని ఆశ్చర్యపోయారు కూడా.

ఇక వచ్చినట్టే అనుకున్నాను. అప్పుడు అడిగారు, "రోజూ నిన్నెవరు తీసుకొస్తారమ్మా? పైగా మెట్లున్నాయి." నేనే వస్తాను సార్, ఇయ్యాల కూడా నేనొక్కదాన్నే వచ్చాను అన్నాను. "ఏమన్నా అయితే మా మీదికి వస్తది" అన్నారు. ఫోన్ చేస్తామన్నారు. చెయ్యలేదు.

ఇక్కడ ఉద్యోగాలు చేస్తున్నవాళ్లు ఉన్నారని తెలుసు. మీకు ఏది కలిసొచ్చింది? రానివాళ్లకు ఏది అడ్డం పడింది? "ధైర్యంగా ఉండు చెల్లీ" అని మాత్రం రాయకండి. అది మా ఇంటికి వచ్చిపోయేవాళ్లంతా చెప్తూనే ఉన్నారు.

కోయిల్‌కొండ_కుర్రోడు
ధైర్యంగా ఉండు అక్కా.
(ఊరికే అన్నా, తిట్టకు.) మెట్ల సంగతి ఎందుకు తీశాడో నాకు అర్థం కాలే. కాళ్లు మంచిగనే ఉన్నాయి కదా నీకు?

పానగల్లు_బీకాం
నేనూ అదే అనుకున్నా తమ్మీ. రైలింగ్ కూడా ఉంది. దిగేటప్పుడు చేతిలో ఫోన్ చూసుకుంటూ ఎవరో నాకే వచ్చి తగిలారు.

జడ్చర్ల_జంక్షన్
బ్యాంకులో చేస్తున్నాను, పుట్టుకతోనే చూపు లేదు. "ఎవరు తీసుకొస్తారు" అనడం వివక్షే, అందులో అనుమానం లేదు. కానీ ఆ ప్రశ్నను తిట్టి వదిలేస్తే మనకు లాభం లేదు. నా చుట్టూ చూపులేనివాళ్లు చాలామంది ఉన్నారు. డిగ్రీ ఉండీ ఇంట్లో కూర్చున్నవాళ్లకూ ఉద్యోగంలో ఉన్నవాళ్లకూ నాకు కనిపించిన పెద్ద తేడా మార్కులు కాదు. ఒక్కరే ఇల్లు దాటగలరా లేదా, అంతే.

నేను హైదరాబాద్ హాస్టల్లో చదివాను. అక్కడ సీనియర్లు మమ్మల్ని ఆదివారం కోఠీలో వదిలేసి "హాస్టల్‌కి వచ్చెయ్యండి" అని పోయేవాళ్లు. అప్పుడు ఏడ్చాను. తర్వాత ఉద్యోగం ఇంకో జిల్లాలో వచ్చినప్పుడు అదే పనికొచ్చింది. ఊళ్లో పెరిగిన పిల్లలకు ఆ అవకాశం లేదు. అమ్మ చెయ్యి పట్టుకుని బడికి, నాన్న బండి మీద కాలేజీకి. ఇరవై రెండేళ్లు వచ్చాక ఒక్కసారిగా ఆఫీసుకు ఒక్కడివే పో అంటే ఎట్ల పోతాడు?

కర్ర పట్టి నడవడం కూడా ఒక చదువే. ట్రైనింగ్ ఉంటుంది. బంజారాహిల్స్ ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో పునరావాస కేంద్రం ఉంది. చూపు తిరిగి రాదని తేలినవాళ్లకు నడక, కంప్యూటర్, సొంత పనులు చేసుకోవడం అక్కడ నేర్పుతారు. చాలామంది ఆపరేషన్ కోసం పోయి, "ఇంక ఏమీ చెయ్యలేం" అనగానే తిరిగి బస్సెక్కేస్తారు. అదే ఆవరణలో ఇంకో తలుపు ఉందని తెలియదు.

మిర్యాలగూడ_మిల్లు
తిట్లు పడతాయని తెలిసే రాస్తున్నా. మాది రైస్ మిల్లు. ఆ మేనేజర్ నాకు అర్థమవుతున్నాడు. మా ఆఫీసు గదికి రావాలంటే కాంటా దాటి రావాలి. సీజన్‌లో ధాన్యం లారీలు వెనక్కి వస్తుంటాయి, హమాలీలు బస్తాలతో పరుగులు, ఆ చప్పుడులో ఎవరు ఎటు అరుస్తున్నారో వినపడదు. రేపు పొరపాటున ఏదైనా జరిగితే ఆ పిల్ల తల్లిదండ్రులకు నేనేం జవాబు చెప్పాలి? జాలి వేరు, జీతం వేరు.

హైటెక్_నారాయణపేట
మిల్లు అన్నా, లారీ వెనక్కి వచ్చే చోట నడిచే దారికి గీత లేకపోతే కళ్లున్న హమాలీకి కూడా ప్రమాదమే. అది మీ మిల్లు లోపం, ఆ అమ్మాయిది కాదు. జాలి ఎవరూ అడగలేదు. ఆమె షీటు చేసి చూపించింది, మీ ఆఫీసులో ఎంతమంది ఆ పరీక్ష పాసవుతారు?

మిర్యాలగూడ_మిల్లు
పాసవుతారా అంటే... మా గుమస్తాకి ఎక్సెల్ తెరవడమే రాదు. అది వేరే విషయం.

కోయిల్‌కొండ_కుర్రోడు
😂😂 అన్న నిజం ఒప్పుకున్నడు.

సాగర్_రోడ్
శ్రీకాంత్ బొల్లాను చూసి నేర్చుకోవాలి అందరూ. పుట్టుకతోనే చూపు లేకపోయినా ఎంఐటీలో చదివి హైదరాబాద్‌లో కంపెనీ పెట్టి వందల మందికి పని ఇచ్చాడు.

పానగల్లు_బీకాం
అన్నా, ఆయనంటే నాకూ గౌరవమే. కానీ ప్రతి ఇంటర్వ్యూలో, ప్రతి పెళ్లిలో, ప్రతి డాక్టర్ దగ్గర ఆయన పేరే చెప్తారు. చూపున్నవాళ్లకు ఎవరైనా "నువ్వు సత్య నాదెళ్లలా ఎందుకు కాలేదు" అంటారా? నాకు తొమ్మిది వేల గుమస్తా ఉద్యోగం చాలు ప్రస్తుతానికి.

జడ్చర్ల_జంక్షన్
పైగా ఆయన కథలో జనం దాటేసే ముక్క ఒకటుంది. ఇంటర్‌లో సైన్స్ గ్రూపు తీసుకోవడానికే ఆయన కోర్టుకు పోవాల్సి వచ్చింది. తెలివి ఉండి కూడా ముందు తలుపు దగ్గర కొట్లాడాలి. అందరికీ వకీలు దొరకడు, అంత ఓపికా ఉండదు.

ఆరో_పాయింటు
రిటైర్డ్ సూపరింటెండెంట్‌ని, ఒక శాఖలో ఎస్టాబ్లిష్‌మెంట్ సీటు చూశాను. నాకున్నది తక్కువ చూపు. ప్రైవేటు వాళ్లతో వాదించి లాభం లేదు, మనకు గట్టి దారి సర్కారు ఉద్యోగమే అని నా అభిప్రాయం. ఎవరైనా కాదంటే వింటాను.

1995 చట్టంలో వికలాంగులకు సర్కారు ఉద్యోగాల్లో 3 శాతం రిజర్వేషన్ ఉండేది. 2016 చట్టం దాన్ని 4 శాతం చేసింది, 2017 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. అందులో 1 శాతం పూర్తిగా చూపులేనివాళ్లకు, తక్కువ చూపువాళ్లకు కలిపి. అయితే ఇది సర్కారు సంస్థలకే. ప్రైవేటుకు నిర్బంధం లేదు. ఉద్యోగుల్లో 5 శాతం వికలాంగులు ఉండేలా చూసే యజమానులకు ప్రోత్సాహకాలు ఇవ్వాలని 35వ సెక్షన్ చెప్తుంది, అంతే.

ఇప్పుడు అసలు సంగతి. మన దగ్గర నియామకాలు 100 పాయింట్ల రోస్టర్ మీద, అంటే ఎన్నో పోస్టు ఎవరిదో చెప్పే వరుస పట్టిక మీద నడుస్తాయి. 6వ పాయింటు చూపులేనివాళ్లది, 31 వినికిడి లేనివాళ్లది, 56 కాళ్లు చేతుల వైకల్యం ఉన్నవాళ్లది. అంటే ఒక శాఖలో మొదటి విడత అయిదు పోస్టులే వేస్తే మనకు సున్నా. ఆరోది పడితే ఒకటి. అది నిండిందా, మళ్లీ 106 దాకా ఆగాలి. ఉమ్మడి మహబూబ్‌నగర్ ఇప్పుడు అయిదు జిల్లాలు, ఉమ్మడి నల్లగొండ మూడు. చిన్న జిల్లాలో, చిన్న శాఖలో నూరు పోస్టులు నిండాలంటే ఎన్నేళ్లు పడుతుందో మీరే లెక్కేసుకోండి.

అందుకే నోటిఫికేషన్ రాగానే మొత్తం పోస్టులెన్ని అని చూసి సంబరపడొద్దు. ఏ జిల్లాలో, ఏ శాఖలో రోస్టర్ ఎక్కడ ఆగిందో సమాచార హక్కు కింద అడగండి. అర్హులు దొరక్క మిగిలిన పోస్టు ఆ ఏడాదితో పోదు, తర్వాతి ఏడాదికి కలపాలి. చాలా ఆఫీసుల్లో ఆ లెక్క అడిగేవాళ్లే ఉండరు.

కోయిల్‌కొండ_కుర్రోడు
అంటే ఆరో మనిషి సీట్లో కూర్చున్నాక నూట ఆరో మనిషి కోచింగ్‌లో కూర్చుంటడు. అశోక్‌నగర్ హాస్టళ్లకు ఇంక ఢోకా లేదు.

హైటెక్_నారాయణపేట
ఆరో పాయింటు సార్, మీ లెక్కే మీకు జవాబు కదా. నూరు మందిలో ఒక్కరికి సీటు అయితే మిగిలినవాళ్లు ఎక్కడికి పోవాలి? సర్కారు ఉద్యోగం కోసం ముప్పై ఏళ్లొచ్చేదాకా ఇంట్లో చదువుతూ కూర్చుని, ఒక్కరోజు కూడా ఎక్కడా పనిచేయని ఫ్రెండ్స్ నాకున్నారు. పదేళ్ల వయసు సడలింపు ఉందనే ధైర్యంతో ఇంకా ఆగుతున్నారు. ఆ తర్వాత ప్రైవేటుకు వస్తే "ఇన్నేళ్లు ఏం చేశావ్" అంటారు.

నాది యాక్సెసిబిలిటీ టెస్టింగ్. బ్యాంకుల, షాపింగ్ కంపెనీల యాప్‌లు చూపులేనివాళ్లకు పనిచేస్తున్నాయో లేదో చూసి రిపోర్టు రాయాలి. చూపు లేకపోవడమే అర్హతైన ఉద్యోగం ఇదొక్కటే అని మా టీమ్‌లో నవ్వుకుంటాం.

ఆరో_పాయింటు
నీ టీమ్‌లో పాలమూరు, నల్లగొండ వాళ్లు ఎంతమంది బాబూ?

హైటెక్_నారాయణపేట
నేనొక్కడినే సార్. అది ఒప్పుకుంటా. ఇంగ్లిష్ దగ్గరే ఆగిపోతున్నారు. చూపు కంటే అదే పెద్ద అడ్డం అనిపిస్తుంది ఒక్కోసారి.

వనపర్తి_అమ్మ
మా బాబు ఇంటర్ సెకండియర్. రేచీకటి. మాది మేనరికం, డాక్టర్ అదే కారణం కావచ్చన్నారు. పగలు బానే తిరుగుతాడు, ఎదురుగా ఉన్నది చదువుతాడు. పక్కనున్నది కనిపించదు, పొద్దుగూకితే గోడ పట్టుకుంటాడు. చూపు మెల్లమెల్లగా ఇంకా తగ్గిపోతుందన్నారు.

మా అత్తమ్మ అంటుంది, సర్టిఫికెట్ తీయిస్తే నెలకు 4,016 పింఛన్ వస్తుంది, ఉద్యోగమొస్తే అది పోతుంది, ఇంటిపట్టున ఉండనీ అని. ఆమె ప్రేమతోనే అంటుంది, నేను ఎదురు చెప్పలేను. వాడేమో కర్ర పేరెత్తితే లేచిపోతాడు. ఫ్రెండ్స్‌కి ఇంతవరకు చెప్పలేదు. సాయంత్రం క్రికెట్ నుంచి ముందే వచ్చేస్తాడు, "తలనొప్పి" అని చెప్పి. ఇంకా కొంచెం కనిపిస్తుండగా ఈ కంప్యూటర్ మాటలు, కర్ర అన్నీ నేర్పించాలా, లేక అప్పుడే అవన్నీ చెప్పి వాడి మనసు విరగ్గొట్టినట్టు అవుతుందా?

జడ్చర్ల_జంక్షన్
అక్కా, ఇప్పుడే. కనిపిస్తుండగానే. స్క్రీన్ మీద ఏముందో కంటితో చూస్తూ, ఎన్‌వీడీఏ ఏం చెప్తుందో చెవితో వింటూ నేర్చుకుంటే సగం కాలంలో వస్తుంది. అది ఉచితం, ఏ కంప్యూటర్లోనైనా వేసుకోవచ్చు. కర్ర గురించి ఇప్పుడు బలవంతం చేయకండి. మడత కర్ర ఒకటి కొని బ్యాగులో పెట్టండి. సాయంత్రం బస్టాండ్‌లో ఒకసారి తనకే అవసరం పడుతుంది.

హైటెక్_నారాయణపేట
ఇంకొకటి అక్కా. అమెరికాలో మిసిసిపీ స్టేట్ యూనివర్సిటీలో చూపులేనివాళ్ల ఉద్యోగాల మీదే పనిచేసే పరిశోధన కేంద్రం ఉంది. చదువుకునే వయసులోనే ఎక్కడో ఒకచోట జీతం తీసుకుని పనిచేసిన పిల్లలకు తర్వాత ఉద్యోగం దొరికే అవకాశం ఎక్కువని వాళ్ల అధ్యయనాల్లో తేలింది. మన దగ్గర చూపులేని పిల్లాణ్ని ఉప్పు ప్యాకెట్ తెమ్మని కూడా దుకాణానికి పంపరు. బాబును వేసవి సెలవుల్లో తెలిసినవాళ్ల షాపులోనో జిరాక్స్ సెంటర్లోనో పెట్టండి. వచ్చే డబ్బు ముఖ్యం కాదు, పొద్దున టైముకు పోవడం, ఓనర్‌తో మాటపడటం తెలుస్తుంది.

వనపర్తి_అమ్మ
మా తమ్ముడికి మీ సేవ సెంటర్ ఉంది. అడుగుతాను. వాడికి అయితే చెప్పొచ్చు, బయటివాళ్లకు చెప్పాలంటే నాకే నోరు రాదు.

డిపో_మామ
ఆర్టీసీ డ్రైవర్‌గా చేసేవాణ్ని. షుగరు వల్ల కంటి వెనక పొర దెబ్బతిన్నది. మెడికల్‌లో డ్రైవింగ్‌కు పనికిరానని రాశారు. నాకు డిపోలోనే వేరే పని ఇచ్చారు, జీతం తగ్గలేదు. ఇది చాలామందికి తెలియక భయపడి తామే రాజీనామా రాసిస్తారు, అందుకు చెప్తున్నా. సర్వీసులో ఉండగా వైకల్యం వస్తే సర్కారు సంస్థ తీసేయడానికి లేదు, స్థాయి తగ్గించడానికీ లేదు. అదే జీతం మీద వేరే పని చూపించాలి, ఖాళీ లేకపోతే అదనంగా పోస్టు సృష్టించి అయినా ఉంచాలి. 2016 చట్టం 20వ సెక్షన్. 2025 ఆగస్టులో మన తెలంగాణ ఆర్టీసీ కేసే సుప్రీంకోర్టుకు పోయింది. రంగులు గుర్తుపట్టలేడని డ్రైవర్‌ను తీసేస్తే, వేరే పని చూపకుండా పంపడం తప్పని కోర్టు చెప్పింది.

చట్టం బాగానే ఉంది గానీ, నా సంగతి వేరే. పని ఇచ్చారు, నాకు చేయ వస్తే కదా! యాభై దాటినాక ఈ మాట్లాడే ఫోన్ నేర్చుకోవాలంటే ప్రాణం మీదికి వచ్చింది. ఒకసారి తాకితే పేరు చెప్తది, రెండుసార్లు కొడితే తెరుచుకుంటది. నేను స్టీరింగ్ పట్టిన చేతితో గట్టిగ కొడితే అన్నీ తెరుచుకున్నయ్. చిన్నప్పటి నుంచి చూపు లేనివాళ్లకు ఈ బాధ ఉండదు, వాళ్లకు అన్నీ అలవాటే.

పానగల్లు_బీకాం
మామా, అలవాటు నిజమే. కానీ మీకు చూపున్నప్పుడు ఇరవై ఏళ్ల సర్వీసు, తోటి ఉద్యోగులు, యూనియన్ ఉన్నాయి. "మన డ్రైవరన్న" అనేవాళ్లు ఉన్నారు. మాకు మొదటి రోజు నుంచీ మేమెవరో ఎవరికీ తెలియదు.

డిపో_మామ
అది నిజమే బిడ్డా. యూనియన్ లేకపోతే నేనూ సంతకం పెట్టి పోయేవాణ్ని.

అచ్చంపేట_కిరాణం
పొద్దటి నుంచి చూస్తున్నా, అందరూ ఉద్యోగం ఉద్యోగం అంటరు. నేను కిరాణం నడుపుతున్నా, చూపు లేదు, నా భార్యకు కొంచెం కనిపిస్తది. ఇంటర్వ్యూ లేదు, రోస్టర్ లేదు.

డబ్బుల సంగతి అడుగుతారు అందరూ. కొత్త నోట్లు 100కూ 200కూ పొడవులో తేడా 4 మిల్లీమీటర్లే. 200కూ 500కూ కూడా అంతే. కొత్తగా వచ్చినప్పుడు నాకు చుక్కలు కనపడ్డయి. ఇప్పుడు వేళ్ల మధ్య మడత పెట్టి కొలుచుకుంట, అనుమానం వస్తే రిజర్వ్ బ్యాంకు వాళ్ల మణి యాప్ ముందు పెడితే చెప్తది. అది 2020లో వచ్చింది. కానీ నన్ను నిజంగా నిలబెట్టింది ఆ ఫోన్‌పే డబ్బా. "నలభై అయిదు రూపాయలు వచ్చాయి" అని తెలుగులో అరుస్తది. అంతకుముందు చిల్లర దగ్గర ఎవరో ఒకరు మోసం చేసేవాళ్లు, పిల్లగాళ్లు కూడా. ఇప్పుడు డబ్బా అరవకపోతే సామాను ఇయ్య.

కష్టం ఎక్కడంటే లోను. ఒక బ్యాంకుకు పోతే "నీకు సాక్షి కావాలి, వేలిముద్ర పెట్టు, చెక్కుబుక్కు ఇయ్యం" అన్నరు. నాకు సంతకం వచ్చు.

జడ్చర్ల_జంక్షన్
అన్నా, చెక్కుబుక్కు, ఏటీఎం, లాకర్, లోన్లు చూపులేనివాళ్లకు నిరాకరించకూడదని రిజర్వ్ బ్యాంకు 2008లోనే సర్క్యులర్ ఇచ్చింది. మళ్లీ పోయినప్పుడు ఆ మాట రాతపూర్వకంగా అడగండి, "ఇయ్యం" అన్నది కాగితం మీద రాసిమ్మనండి. కాగితం అడిగితే సగం మంది గొంతు మారుతుంది. బ్యాంకువాణ్ని, నా మాట నమ్మండి.

అచ్చంపేట_కిరాణం
అడుగుత. ఈసారి నిన్ను కూడా తోలుకపోత.

ఆరో_పాయింటు
ఒక మాట. కిరాణం బాబుకు ఇంట్లో భార్య సాయం ఉంది, సొంత ఇంటి ముందు గది ఉంది అనుకుంటా. ఇది అందరికీ కుదరదు. ముఖ్యంగా ఆడపిల్లలకు. 2011 జనాభా లెక్కల్లో దేశంలోని వికలాంగుల్లో ఏదో ఒక పని చేస్తున్నవాళ్లు 36 శాతం. మగవాళ్లలో 47, ఆడవాళ్లలో 23. మొదట పోస్టు పెట్టిన అమ్మాయిని "ఎవరు తీసుకొస్తారు" అన్నారు. ఒక అబ్బాయిని అయితే ఆ మాట అనేవాళ్లా?

పానగల్లు_బీకాం
మా ఇంట్లోనే అంటారు సార్, వాళ్ల సంగతి ఎందుకు. నేను ఇంటర్వ్యూకి ఒక్కదాన్నే పోయానని ఆ రోజు రాత్రి మా నాన్న అన్నం తినలేదు.

బస్సు సంగతి చెప్తా. 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు ఫ్రీ కాబట్టి ఖర్చు లేదు, అది పెద్ద మేలు. కానీ బస్సు ఎక్కడికి పోతుందో పలికేవాళ్లుండరు. వచ్చిన ప్రతి బస్సుకూ "ఇది ఎటు పోతదన్నా" అని అరవాలి. ఒక్కోసారి నేను అరిచేది ఆగివున్న లారీని చూసి అని పక్కనున్నవాళ్లు చెప్తారు. దిగాక గడియారం సెంటర్ దగ్గర ఫుట్‌పాత్ ఉంది గానీ దాని మీద బండ్లు, చెప్పుల దుకాణం, జ్యూస్ బండి. కర్ర స్టాండ్‌లో ఇరుక్కుంటుంది. అందుకే రోడ్డు మీదే నడుస్తా, అప్పుడు అందరూ "పక్కకు నడవమ్మా" అంటారు. పక్కన చోటేదీ?

సర్కారు_బడి_సోషల్
తక్కువ చూపు టీచర్ని. ఉద్యోగం వచ్చాక కూడా కథ అయిపోదు, అది రాద్దామని. ఇప్పుడు చాలా ఆఫీసుల్లో ముఖం చూపించి హాజరు వేసే యాప్‌లు వచ్చాయి. నా ఫ్రెండ్‌కు పూర్తిగా చూపు లేదు, ఒక కన్ను కృత్రిమం. వాళ్ల ఆఫీసు యాప్ రోజూ పొద్దున "ముఖం వృత్తంలో ఉంచండి, కళ్లు ఆర్పండి" అంటుంది. వృత్తం ఎక్కడుందో తెలియదు, ఆర్పితే ఒకటే ఆరుతుంది. రోజూ ప్యూన్ వచ్చి ఆయన తల పట్టుకుని తిప్పుతాడు. పనికి ముందే వచ్చినా హాజరు ఆలస్యంగా పడుతుంది.

హైటెక్_నారాయణపేట
బ్యాంకు కేవైసీలో, అంటే ఖాతాదారు ఎవరో రుజువు చూపించే దాంట్లో కూడా ఇదే గోల. జీతం పడాలంటే ఖాతా, ఖాతాకు సెల్ఫీ, సెల్ఫీకి కళ్లు ఆర్పడం. 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఈ డిజిటల్ కేవైసీ అందరికీ అందేలా మార్చమని 20 ఆదేశాలు ఇచ్చింది. రెప్ప ఆర్పడమే బతికున్నదానికి సాక్ష్యం కాకూడదు, వేరే పద్ధతులుండాలి అన్నది అందులో ముఖ్యమైనది.

కోయిల్‌కొండ_కుర్రోడు
మా ఆఫీసులో కళ్లున్నోళ్లు కూడా పగలంతా కళ్లు మూసుకునే ఉంటరు. వాళ్లకు హాజరు ఎట్ల పడుతుందో!

మిర్యాలగూడ_మిల్లు
పొద్దటి నుంచి అన్నీ చదివాను. భయం సంగతి పక్కన పెడదాం, గీత గీయిస్తా అనుకోండి. అసలు పని ఎట్ల నడుస్తుంది? మాకు లెక్కల సాఫ్ట్‌వేర్ ఉంది, హైదరాబాద్‌లో ఒకాయన రాసిచ్చాడు. ధాన్యం తెచ్చిన రైతుల చీటీలు చేతిరాత. కాంటా స్లిప్పు ప్రింటు. పన్ను వాళ్ల నోటీసులు తెలుగులో. ఇవన్నీ ఆ అమ్మాయి ఎట్ల చదువుతుంది?

పానగల్లు_బీకాం
మంచి ప్రశ్న అడిగారు, ఆ మేనేజర్ అడగాల్సింది ఇదే. కాంటా స్లిప్పు ప్రింటు కాబట్టి ఫోన్ కెమెరాతో చదివించుకుంటాను, ఇంకు పలచగా లేకపోతే తొంభై శాతం వస్తుంది, అంకెలు ఒకసారి డ్రైవర్‌ని అడిగి సరిచూసుకుంటా. చేతిరాత చీటీలు రావు, అది దాచను. ఎవరో ఒకరు చదివి చెప్తే నేను ఎక్కిస్తాను, మీ గుమస్తా రాసేదానికంటే వేగంగా. తెలుగు నోటీసుల్లో తిరకాసు ఉంది. యూనికోడ్‌లో ఉంటే చక్కగా చదువుతుంది. పాత అను ఫాంట్లలో టైప్ చేసినవి ఇస్తే అర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలు వరుసగా కక్కుతుంది. స్కాన్ చేసి పెడితే "గ్రాఫిక్" అని ఒక్క మాట అని ఊరుకుంటుంది. ఉద్యోగ నోటిఫికేషన్లు కూడా ఇలాగే పెడతారు, అందులో మా రిజర్వేషన్ ఎంతో మాకే చదవడానికి రాదు.

హైటెక్_నారాయణపేట
సాఫ్ట్‌వేర్‌ను మీరే పరీక్ష చేయొచ్చు మిల్లు అన్నా. ఒక కంప్యూటర్లో ఎన్‌వీడీఏ వేయండి, మౌస్ తీసి పక్కన పెట్టండి, స్క్రీన్ ఆపండి. ట్యాబ్ నొక్కుతూ పోండి. "కొత్త బిల్లు బటన్", "రైతు పేరు, రాయండి" అని చెప్తే మంచిది. "బటన్, బటన్, బటన్" అని మాత్రమే అంటే రాసినాయన పేర్లు పెట్టలేదన్నమాట. సొంతంగా రాసిచ్చిన మనిషి ఉన్నాడు కదా, పేర్లు పెట్టమంటే పెద్ద పని కాదు. పెద్ద కంపెనీ సాఫ్ట్‌వేర్ అయితే చెప్పినా వినేవాడుండడు, మీకు ఆ విషయంలో అదృష్టమే.

కాల్ సెంటర్లో చేసిన రోజుల్లో నాకు ఎడమ చెవిలో ఎన్‌వీడీఏ, కుడి చెవిలో కస్టమర్. ఎడమవైపు అది గడగడా చదువుతుంటే కుడివైపు ఆయన తిడుతుండేవాడు. అలవాటైపోయింది. కానీ ఒకరోజు కంపెనీ సాఫ్ట్‌వేర్ మార్చింది. కొత్తదాంట్లో అన్నీ "బటన్, బటన్". మా నలుగురి పని ఒక్క వారంలో ఆగిపోయింది. మా పనితీరు బాగాలేదని రాశారు.

జడ్చర్ల_జంక్షన్
ఇదే నేను చెప్దామనుకున్నది. వచ్చిన ఉద్యోగం పోయేది కూడా ఇక్కడే. పాతరోజుల్లో చూపులేనివాళ్లకు ఆఫీసుల్లో టెలిఫోన్ ఆపరేటర్ పోస్టు ఉండేది, లేదంటే కుర్చీలల్లడం, సంగీతం టీచరు. అందరి జేబులోకి సెల్‌ఫోన్లు వచ్చాక ఆ టెలిఫోన్ బోర్డులు మూలన పడ్డాయి. అప్పుడు పరికరం మారి పని పోయింది, ఇప్పుడు అప్‌డేట్ వచ్చి పోతోంది.

పానగల్లు_బీకాం
ఒక సందేహం. రెజ్యూమ్‌లో చూపు లేదని ముందే రాయాలా? రాస్తే పిలుపే రావట్లేదు. రాయకపోతే గదిలోకి కర్రతో అడుగుపెట్టగానే వాళ్ల గొంతు మారిపోతుంది.

హైటెక్_నారాయణపేట
రాయకు. పిలిచాక ఫోన్లో చెప్పు.

జడ్చర్ల_జంక్షన్
నేను ఒప్పుకోను. రాయాలి, రాసి కిందనే "స్క్రీన్ రీడర్‌తో ఎక్సెల్, ఈమెయిల్ చేస్తాను" అని ఒక లైను పెట్టాలి. దాచి పోతే మొదటి అయిదు నిమిషాలు వాళ్ల ఆశ్చర్యం తీర్చడానికే పోతాయి.

హైటెక్_నారాయణపేట
మీది పరీక్ష రాసి వచ్చిన ఉద్యోగం అన్నా, రెజ్యూమ్ ఎక్కడ పంపారు మీరు?

జడ్చర్ల_జంక్షన్
అది కరెక్టే. 😄 అయినా నా మాట నాదే.

సాగర్_రోడ్
నాకు ఒక కన్ను లేదు. వైకల్యం ఎంతో కొలిచి సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపులో 30 శాతం వేశారు. కనీసం 40 ఉంటేనే పింఛన్, రిజర్వేషన్. మెడికల్ పెట్టే కొన్ని ఉద్యోగాలకు "ఒక కన్ను లేదు" అని తీసుకోరు. అటూ కాదు, ఇటూ కాదు. మా గురించి కూడా ఎవరైనా రాయండి.

ఆరో_పాయింటు
నిజం బాబూ, చట్టం లెక్కలో ఇంకో కన్ను బాగుంటే 30 దగ్గరే ఆగుతుంది. ఆ రెండో కంటికి కూడా ఏదైనా సమస్య ఉంటే మళ్లీ పరీక్ష చేయించుకోండి, పర్సెంటేజీ ఒకసారి వేస్తే అదే శాశ్వతం అనుకోకండి.

వనపర్తి అమ్మా, మీ బాబుకు కూడా ఇప్పుడే సర్టిఫికెట్ తీయించండి. పోటీ పరీక్షల్లో గంటకు 20 నిమిషాలు అదనం ఇవ్వాలని మార్గదర్శకాలు ఉన్నాయి. మనం చెప్తే పరీక్ష రాసిపెట్టే మనిషి, అంటే స్క్రైబ్ విషయంలో ఒక్కో బోర్డుది ఒక్కో షరతు, నోటిఫికేషన్‌లోనే చదువుకోండి.

పానగల్లు_బీకాం
స్క్రైబ్‌ను ముందే కలిపించండి అక్కా. నా డిగ్రీ అకౌంట్స్ పేపరుకు వచ్చిన పాపకు డెబిట్ ఎటు, క్రెడిట్ ఎటు రాయాలో చెప్పడానికే సగం టైము పోయింది. గీతలు కొట్టమంటే స్కేలు కోసం వెతికింది.

మిర్యాలగూడ_మిల్లు
ఇందాక మా కంప్యూటర్లో ఎన్‌వీడీఏ వేయించాను. స్క్రీన్ ఆపి చూశాం. మొదటి పేజీలో మూడు పేర్లు చెప్పింది, తర్వాత అన్నీ "బటన్". రాసినాయనకు ఫోన్ చేశాను, వచ్చే నెల చేస్తానన్నాడు. ఆయన నెల అంటే మూడు నెలలు. నేనింకా ఉద్యోగం ఇస్తానని అనలేదు, అందరూ గమనించండి. ఆ అమ్మాయి ఒకరోజు వచ్చి చూసి, ఏ బటన్‌కు ఏ పేరు కావాలో రాసిస్తే ఆ రోజు కూలీ ఇస్తాను. బస్టాండ్ నుంచి ఆటో ఖర్చు కూడా.

పానగల్లు_బీకాం
వస్తాను. కూలీ ఎంతో ముందు చెప్పండి. హైటెక్ అన్నా, టెస్టింగ్ రిపోర్టు ఎట్ల రాయాలో నమూనా ఒకటి పంపగలవా? వర్డ్‌లో పంపు, పీడీఎఫ్ వద్దు.

హైటెక్_నారాయణపేట
రాత్రికి పంపుతా. ఒక రోజుకు వెయ్యికి తగ్గకు.

మిర్యాలగూడ_మిల్లు
ఎనిమిది వందలు. మధ్యాహ్నం భోజనం మా ఇంట్లో.

కోయిల్‌కొండ_కుర్రోడు
అక్కా, కూర ఏంటో కూడా ముందే అడుగు.